నేను వేయించిన స్పీడ్ బ్రేకర్

ఆదివారం రాత్రి, తిరుత్తణి

బామ్మర్ది స్పోర్ట్స్ సెడాన్ వెనకద్దం మీద కులం పేరుంది. తిరువళ్లూరు దాకా పందెంలో నేను గెలిస్తే వాడు ఆ పేరు గీకెయ్యాలి. ఓడితే నేను కొండ మీద గుండు కొట్టించుకోవాలి. అందుకే నా చిన్న కారుకు టర్బో బిగించి, నేలకు ఆనేంత కిందికి దింపించాను.

బడి దగ్గర వాణ్ణి దాటేశాను కూడా! ఆ సంబరంలో ఉండగానే బండి పొట్ట స్పీడ్ బ్రేకర్ మీద ఇరుక్కుంది. నడిరోడ్డు మీద ధర్నా చేసి నేనే వేయించిన స్పీడ్ బ్రేకర్!

"ఏం బావా, నువ్వు తెప్పించిందే నిన్ను నిలిపేసినాదే! కొండకు ఎప్పుడు పోదాము?" అన్నాడు వెధవ.

పిల్లలు తిరిగే చోట స్పీడ్ బ్రేకర్ ఉండాల్సిందే. ఇప్పటికీ ఎవడితోనైనా వాదిస్తాను. కానీ గుండు మొక్కులను తిట్టిపోస్తూ నేను రాసిన వ్యాసం ఈ వారమే పత్రికలో వస్తోంది. పక్కనే నా ఫొటో, నిండు జుట్టుతో...