అటెండెంట్‌కి కౌన్సెలింగ్

తిరువూరు

ప్రియమైన సరోజినికి,

ఆసుపత్రిలో నీకు ఫోను ఇవ్వరు గనుక నా కోపమంతా కాగితం మీద పెట్టాల్సి వస్తోంది. ఈ నెల బిల్లు వచ్చింది. గది, మందులు, డాక్టరు ఫీజు, సరే. వాటి కింద ‘అటెండెంట్ కౌన్సెలింగ్’ అని ఆరు వేలు! వాళ్ల అటెండరు ఎవడో తప్పు చేసుంటాడు. పోలీసులు రౌడీలకి ఇచ్చినట్టు వాడికి కౌన్సెలింగ్ ఇచ్చుకుని, ఆ ఖర్చు మన నెత్తిన రుద్దారు. ఫోను చేసి అడిగితే బిల్లింగు అమ్మాయి “అది మీ అటెండెంటుదేనండీ” అంటుంది. పత్తి తీయడానికే మనుషులు దొరక్క నేను చస్తుంటే, మనకు అటెండరెక్కడి నుంచి వచ్చాడు?

ఇలాంటి చోట మనసు బాగుపడేదేముంది? ఆదివారం వచ్చి తీసుకొచ్చేస్తాను. బట్టలు సర్దుకో.

నీ
అంకారావు


విజయవాడ

ప్రియమైన శ్రీవారికి,

బట్టలు సర్దలేదు. ఇప్పుడిప్పుడే నాకు నిద్ర పడుతోంది. ఇప్పుడు వచ్చేస్తే మళ్లీ మొదటికొస్తుందని డాక్టరుగారు అన్నారు.

బిల్లు సంగతి కనుక్కున్నాను. అటెండెంట్ అంటే అటెండరు కాదండీ. రోగి వెంట వచ్చేవాళ్లని ఇక్కడ అలా అంటారు. అంటే మీరే! ఆదివారాలు నేను డాక్టరు దగ్గరుంటే, పక్క గదిలో మీకు మంచినీళ్లిచ్చి మాట్లాడే గ్లోరి ఉంది చూశారూ, ఆవిడే కౌన్సెలరు. ఎవరో పనిలేని అమ్మాయనుకున్నట్టున్నారు మీరు.

ఏం మాట్లాడారో ఆవిడ చెప్పలేదు, చెప్పకూడదట. కానీ ఆ గదిలోంచి వచ్చేటప్పుడు మీ కళ్లు ఎర్రగా ఉండటం నేను చూడలేదా? మన కిరీటి గంపలగూడెం రోడ్డు మీద బండి ప్రమాదంలో పోయి ఏడాదైంది. ఇంట్లో బిడ్డ పేరైనా ఎత్తలేదు మీరు. ముక్కూమొహం తెలియని పిల్లకి చెప్పుకున్నారు, నేను పనికిరాలేదా? ఆరు వేల కన్నా నాకు అదే మండిపోతోంది.

మీ
సరోజిని


తిరువూరు

ప్రియమైన సరోజినికి,

ముందు చెప్పకుండా బిల్లు వేయడం తప్పేనని ఆసుపత్రి వాళ్లతో పోట్లాడాను. ఆ ఆరు వేలూ తీసేశారు. గెలిచినందుకు సంతోషించాలి కదా, చేతకావడం లేదు.

ఆ అమ్మాయి “మీ అబ్బాయికి ఏ కూరంటే ఇష్టమండీ?” అని అడిగింది. అంతే, ఇక నా నోరు ఆగలేదు. నీ దగ్గర వాడి మాటెత్తితే నువ్వు ఇంకా కుంగిపోతావని నోరు కట్టేసుకున్నాను. నువ్వేమో నేను వాడిని మరిచిపోయాననుకున్నావు. ఏడాదిపాటు ఒకే ఇంట్లో ఇద్దరం చెరో మూలన ఏడ్చాం.

ఆదివారం వస్తున్నాను, తీసుకురావడానికి కాదు. గ్లోరి దగ్గర మనిద్దరికీ కలిపి టైము తీసుకో. డబ్బు కడతాను. కానీ రసీదు మీద మళ్లీ అటెండెంట్ అని రాస్తే మాత్రం ఊరుకోను. కింద నేను రాసినట్టే రాయమను.

ఇట్లు
కిరీటి నాన్న