నీ సమాధికి కోట రాళ్లు

నువ్వు పోయిన ఏడాదికి మన మామ గండికోట రాళ్లతో సమాధి కట్టించాడన్నా. ఆ రాళ్లు తోలుకుపోయే బండ్లకు అడ్డం పడి తన్నులు తిన్నవాడివి నువ్వు.

పటాలంలో జపాను పోయి వచ్చి, అక్కడ సముద్రపు ఒడ్డున కోట ఉందని, చూడవచ్చేవాళ్లతోనే కింద చేపల అంగళ్లు నడుస్తాయని చెప్పేవాడివి. మన కోట కూడా జమ్మలమడుగుకు అన్నం పెడుతుందన్నావు. "సముద్రం యాడ తెస్తావు అల్లుడా?" అని నవ్వాడు మామ.

నిన్న మద్రాసువాళ్లు కోట చూడడానికి వచ్చారు. నువ్వు లేవు కాబట్టి నేనే తిప్పి చూపించాను. కూలిన గోడ దగ్గర రాళ్లేమయ్యాయని అడిగారు. మాట మార్చి లోయ వైపు తీసుకుపోయాను.

మామను నిలదీస్తే, "మీయన్నకు ఆ రాళ్లంటే శానా ఇష్టం గదరా" అన్నాడు.

వాటిని పెరికి కోటకు చేర్చాలా, వద్దా? సోమవారంలోగా చెప్పు. చెప్పకపోతే గడ్డపార తీసుకుని నీ దగ్గరికే వస్తా.