నీ నుదుటి నీలిమచ్చ

తమ్మీ,

రేపు నీ సంవత్సరీకం. నీ ఫోటోకు పటం కట్టించడానికి నిన్న మరదలితో కలిసి గోదావరిఖనిలోని ఒక స్టూడియోకు వెళ్ళాను. స్టూడియో ఆయన నా ఫోన్‌లోని ఫోటోను కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, అడగకుండానే నీ ముఖాన్ని నున్నగా దిద్దాడు. గనిలో బొగ్గుపెళ్ళ తగిలిన గాయంలో బొగ్గుపొడి చిక్కుకుపోయి, నీ నుదుట జీవితాంతం నిలిచిన నీలిమచ్చ మాయమైంది.

"మచ్చ మొత్తం సాఫ్ చేసిన మేడమ్. పెండ్లికొడుకు లెక్క లేడా?"

మరదలు తెర వంక చాలాసేపు చూసింది. "మంచిగనే ఉన్నడు గని, గీయన మా ఇంటాయన కాదు వదినె," అంది.

మచ్చను తిరిగి పెట్టమన్నాను. దండ వేస్తే అది ఎలాగూ కనబడదని అతను నవ్వాడు. నాన్న పోయాక నువ్వు గనిలోకి దిగబట్టే నా డిగ్రీ పూర్తయింది. ఎవరి మీదా ఆధారపడకుండా బతికానని నేను గర్వంగా చెప్పుకునే మాటకు ఆ మచ్చే మూలం. అదంతా అతనికి చెప్పాలనిపించలేదు. ఇంట్లోనే ప్రింటు తీసుకుంటానని లేచాను.

"ఇంట్ల తీస్తె రంగు జల్ది ఎలిసిపోతది మేడమ్. ఇగ మీ ఇష్టం!"

ఈ ఉదయం నా చిన్న ప్రింటరులో తీశాను. ముఖం కాస్త ఎర్రబారింది, అంచున ఒక గీత పడింది. మచ్చ మాత్రం ఉన్నచోటనే ఉంది. మరదలు దాని మీద వేలు పెట్టి, అప్పుడు ఏడ్చింది.

అతను చెప్పింది నిజమే, రంగు నిలవదు. వెలిసినప్పుడల్లా నేను మళ్ళీ తీస్తాను. నా తర్వాత ఎవరైనా తీస్తే, ముందుగా ఆ మచ్చనే తుడిచేస్తారు.

నీ అక్క