లేహ్‌ల మూడు దినాలు

బాపుకు,

చిన్నబిడ్డ సుజాత దండాలు. అమ్మ మోకాళ్లు జర నయమైనయా? వదిన, పిల్ల మంచిగున్నరా? నేను మంచిగనే ఉన్న, నా ఫికర్ పెట్టుకోకు. కని వారం సంది నువ్వు నా ఫోన్ ఎత్తుతలేవు. అమ్మతోని చెప్పించినవ్, "అన్న ఆడ రాళ్లు మోస్తుంటె ఇది ఫోటోలు దిగనీకి పోతదట" అని. శానా గుచ్చుకున్నది బాపు. నన్ను డిగ్రీ దాంక చదివిచ్చినోనివి నువ్వే, నేనేందో తెల్వనోనివి గూడ నువ్వే ఐతివి.

ఫోన్ల చెప్పరాదా అంటవ్. మీరు స్పీకర్ పెడ్తరు. అన్నను లేహ్ పనికి తోలుకపోయిన మేస్త్రి పెండ్లాం గోడ అవుతలనే ఉంటది. అందుకే మా ల్యాబు సారు జడ్చర్ల కంపెనీకి వస్తుంటె ఈ కాయితం ఆయనకిచ్చిన. నీ చేతికే ఇయ్యమన్న. చదివి పొయిల ఏసెయ్.

ఈడ ఉత్తరాదిల సలి మొదలైంది. పొద్దుగాల నీళ్లు ముట్టుకుంటె వేళ్లు కొంకర్లు పోతున్నయి. హాస్టల్ల రాజ్మా, గోధుమరొట్టె, మల్ల రాజ్మా. జొన్నరొట్టె వాసన కలల వస్తాంది. రూముల ఇద్దరు హిందీ పిల్లలు, మంచోళ్లే, నేను నవ్వితె నవ్వుతరు. పని నీకు తెలిసిందే, మందుల ల్యాబుల దినమంత రెండు సీసాలు పక్కపక్కన పెట్టి తేడా చూసుడు. గా అలవాటుకే అన్న మాటలు గూడ పక్కపక్కన పెట్టి విన్న.

వినాయక చవితి నాడు అన్న మేస్త్రి ఫోన్ల తనే మాట్లాడిండు. బర్రె ఈనిందని, దుడ్డె పుట్టిందని వదిన చెప్పింది. పాలన్ని దానికే ఇడ్వున్రి అని నవ్విండు. గదే ఆఖరు. ఆ తర్వాత మాట్లాడుడు లేదు, మేస్త్రి పంపే వాయిస్ మెసేజీలే. మీద సైటుల సిగ్నల్ లేదట, కిందికి దిగినప్పుడు రికార్డు చేసి పోతడట. బతుకమ్మకు నేను ఇంటికొచ్చిన్నాడు ఒకటి వచ్చింది. "నేను మంచిగున్న. బర్రె ఈనిందా?" అన్నడు. వదిన కండ్లు తుడుసుకుంట, ఈనింది, ఈనింది అని ఫోనుకు చెప్పింది. మర్సిపోయిండేమో అనుకున్న. పది దినాల కింద వచ్చిన దాంట్ల గూడ గదే మాట, గదే గొంతు, వెనుక రేకుల మీద వాన సప్పుడు. చవితికి ముందటి రికార్డే మల్ల మల్ల పంపుతున్నట్టున్నది. ఈ నెలల ఆడ వాన ఏడిది? అది ఎడారి బాపు. మన పాలమూరు కన్న ఎండుది, కని మీద మంచుంటది.

నేనే మేస్త్రికి ఫోన్ చేసిన. దోస్తులతోని లేహ్ చూడనీకి వస్తున్న, మూడు దినాలే, అన్నకు ఇన్ని సకినాలు ఇచ్చిపోత అన్న. ఊపిరాడదు, రాకు బిడ్డా అన్నడు. ఇగ గప్పుడు అడిగిండు, "ఇంకెవరెవరికి చెప్పినవ్?"

తెల్లారంగనే ఆయన పెండ్లాం గోడ మీదికెల్లి మీకు చెప్పె, నీ బిడ్డ దోస్తులతోని తిరగనీకి పోతాంది, ఆపుకోన్రి అని. మీరు నమ్మితిరి.

నీకు ఆయన మీద అనుమానం రాదు, నాకు ఎరికే. గుజరాత్ డ్యాము కాడ నీకు జరమొస్తె ఆయన నాయిన నిన్ను భుజం మీద ఏసుకొని రైలెక్కించి ఇంటికి తెచ్చిండు. చిన్నప్పటి సంది వింటున్న ఆ ముచ్చట. ఆ నమ్మకంతోనే అన్నను పంపినవ్. కని నిన్ను మోసినోడు ఆయన నాయిన, ఈయన కాదు.

పోలీసులకు చెబుదామంటె ఏం చెప్పాలె? బర్రె ముచ్చట రెండుసార్లు అడిగిండని చెప్పాల్నా? నెలాఖరుకు సలికి పనులు బందై గుంపులన్ని కిందికి దిగుతయి. ఆ తర్వాత అడగనీకి ఆడ మనిషే ఉండడు. విమానం దిగినంక ఒక దినం కదలకుంట పండుకోవాలె, లేకుంటె ఊపిరి అందదని మా ల్యాబు పిల్ల అంటాంది. ఇగ మిగిలేటియి రెండు దినాలు. ఒకటి మేస్త్రి కిరాయి రూముకు. ఒకటి దవాఖానకు.

నువ్వు చెయ్యాల్సిన పని ఉన్నది. అన్న ఆధార్ జిరాక్సు, పెండ్లి ఫోటో కాకుంట మొన్నటి ఫోటో ఒకటి, పొలం కాడికి పోయి నీ ఫోన్ నుంచి పంపు. చిన్నప్పుడు గొడ్డలి తాకిన మచ్చ అన్నకు ఏ కాలికి, కుడికా ఎడమకా? నాకు యాదికొస్తలేదు. వదినను మాత్రం అడుగకు.

నన్ను తిట్టుడు ఆపకు. గోడకు వినవడేటట్టు తిట్టు. నేను సోకులకే పోతున్న అని వాళ్లు అనుకోవాలె.

అమ్మకు దండాలు. పిల్లకు ముద్దులు. దుడ్డెకు పాలు ఇడుస్తున్నరా? అన్న చెప్పిండు గద. నీ దీవెన ఉంటె మంచిది, లేకున్నా మంగళవారం పొద్దుగాల ఢిల్లీల విమానం ఎక్కుతున్న. దోస్తులు ఎవ్వరు లేరు. ఒక్కదాన్నే పోతున్న.

నీ బిడ్డ
సుజాత