పిల్లి బీగం, మన బీగం

అవ్వా, ఈ పొద్దు నీ తద్దినం. నీకు తెలుగు చదవను రాదని తెలిసే రాస్తా ఉండా.

నీకు కరోనా వస్తే, ఉప్పళంలో మన ఇంట్లో నిన్ను వెనక రూములో పెట్టి, నీ పిల్లిని బయటికి తరిమింది నేనే. "జంతువుకేం వస్తుంది పాపా, దాన్ని లోపలికి యిడువు" అని తలుపు అవతలి నుంచి రెండు దినాలు అడిగితివి. మూడో దినం నీ గొంతు వినపడలేదు.

ఇప్పుడు ల్యాబులో నా పని అదే. కరోనా తెరుచుకోని ఒంట్లోకి దూరే రిసెప్టర్, నీ మాటలో బీగం, ఏ జంతువుకు ఎట్లుందో పోల్చి చూసేది. కోడి బీగం వేరే, దానికి రాదు. పిల్లిది దాదాపు మనదే, దానికీ వస్తుంది.

నేను చేసింది కరెక్టే అవ్వా. పిల్లి మాత్రం నీ తలుపు గీరతానే ఉంది. లోపల గడియేసుకోని కూర్చోనుండేది ఇప్పుడు నేను.