తొమ్మిది కప్పుల కాఫీ

దమ్మామ్,
12-11-2006

బ్యూలా తల్లికి,

దేవుడి దయవల్ల మోకాళ్ల నొప్పి తప్ప నాకే లోటూ లేదు. నీ ఉత్తరం చదివాక మాత్రం కోపమొచ్చింది. స్పానిష్ నేర్చుకుంటానని స్పెయిన్ దాకా వెళ్లావు. నువ్వు అద్దెకుంటున్న ఇంటి ముసలావిడ వంటింట్లోకి రమ్మని పిలుస్తుంటే, తప్పులు మాట్లాడితే నవ్వుతుందని తలుపేసుకుని పుస్తకం చదువుతున్నావా? ఆ పుస్తకమేదో భీమవరంలోనే చదువుకోవచ్చుగా!

నాకు అరబ్బీ నేర్పింది ఉమ్ సాలెహ్ అనే ముసలావిడే. కాలి పుండుతో నేను నర్సుగా చేసే వార్డులో చేరింది. నేను కట్టు కట్టగానే తన ఫ్లాస్కులోంచి పిడి లేని బుల్లి కప్పులో కాఫీ పోసేది. తాగి ఇస్తే మళ్లీ పోసేది. వద్దనడం తెలియక మొదటిరోజు తొమ్మిది కప్పులు తాగాను. ఆవిడ కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, నా మణికట్టు పట్టుకుని ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపించింది. ఇక చాలంటే ఇక్కడ అలా ఊపి ఇవ్వాలట. ఆ నవ్వుతో నా బిడియం పోయింది. రోజూ ఆవిడ మనవల గురించి చెబితే, నేను మన గోదావరి గురించి తప్పుల తడకగా చెప్పేదాన్ని. "నీ మాటా కుంటుతోంది, నా కాలూ కుంటుతోంది, కలిసి నడుద్దాం" అనేది.

మొన్న గురువారం, పుండు విషం ఒళ్లంతా పాకింది, ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పాక, కొడుకులు ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్లిపోయారు. వెళ్లేముందు నాకు కాఫీ పోసింది. తాగాను. మళ్లీ పోసింది. కప్పు ఊపడం ఇప్పుడు నాకు బాగా వచ్చు తల్లీ. ఫ్లాస్కు ఖాళీ అయ్యేదాకా ఊపలేదు.

ఈ ఉత్తరం మడిచిపెట్టి వంటింట్లోకి వెళ్లు.

మీ పిన్ని