ప్రార్థనలో పెట్టిన ఫైలు

డిసెంబర్ 18
నాకు పొగరట. సర్కారు నౌకరి చేతిదాకా వచ్చి పోయినా ఏడవలేదు కాబట్టి. గా ఫోన్ల మొఖం వెట్టి కూసుంటే లిస్టుల పేరెట్ల అస్తది బిడ్డా అన్నాడు బాపు, చెరకుతోట నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ.
ఫైనల్ లిస్టులో పేరు రాలేదని ఇంట్లో చెప్పింది నేనే. అసలు సంగతి వేరు.

డిసెంబర్ 21
రాసి పెడతాను. ఇంకెక్కడా చెప్పలేను.
ఆగస్టు. సర్టిఫికెట్ వెరిఫికేషన్ ఎల్లుండే అని మెసేజ్. బీరువాలో సర్టిఫికెట్ల ఫైలు లేదు. అవ్వ నవ్వుతూ చెప్పింది, పాస్టరయ్యకిచ్చిన బిడ్డా, మూడు ఆదివారాలు ప్రార్థనల వెడ్తడు అని. మా చర్చిలో పరీక్ష రాసిన ప్రతి పిల్ల ఫైలూ అలా వెళ్లొస్తుంది. నా టెన్త్ మెమో మీద ఇప్పటికీ ప్రార్థన నూనె మరక.
పాస్టర్ మెండోర ఊళ్లో ప్రార్థన కూటాలకు వెళ్లాడు. ఫైలు ఆయన సంచిలో. ఫోన్ స్విచాఫ్. అవ్వ ముఖం చూసి, జిరాక్స్ ఉంటే చాలు అవ్వా అన్నాను.
నిజామాబాద్‌లో క్లర్కు ఒరిజినల్స్ ఏవన్నాడు. లేవన్నాను. ఎటువాయె అన్నాడు. ప్రార్థనలో ఉన్నాయని ఎలా చెప్పను? గడువడిగాను. నెక్స్ట్ అన్నాడు.

డిసెంబర్ 23
ఈ ఏడాది దొరికిందీ ఉంది. బోధన్‌లో ప్రైవేటు స్కూలు, ఆరో తరగతికి సైన్స్. పిల్లలంటే ఇష్టమే. ఆ ఇష్టం చూసి నాకే భయమేస్తోంది, ఇక్కడే ఉండిపోతానేమోనని.

డిసెంబర్ 26
ముప్పై ఒకటి సాయంత్రం చర్చిలో కృతజ్ఞతా కూడిక. ఇంటికొకరు లేచి, ఏడాదిలో దేవుడిచ్చిన మేలు సాక్ష్యం చెప్పాలి. పోయినవాటి గురించి ఎవరూ చెప్పరు. ఈసారి మా ఇంటి తరఫున నేనట. ఫైలు ప్రార్థనల వెడ్తెనే బడి నౌకరి అచ్చిందని జెప్పు బిడ్డా అంది అవ్వ. గప్పుడన్న నోరు తెరువు అన్నాడు బాపు.

డిసెంబర్ 28
చెప్పేద్దామని వంటింట్లోకి వెళ్లాను. అవ్వ వేడి జొన్నరొట్టె చేతిలో పెట్టి, నీ పేరు మీద శనివారం ఉపాసం ఇంకా ఇడువలే బిడ్డా అంది. రొట్టె తిని వచ్చేశాను.

డిసెంబర్ 29
ఏమీ లేదు.

డిసెంబర్ 30
పక్కింటి జ్యోతిరాణి ఎగురుకుంటూ వచ్చింది. నర్సింగ్ సీటొచ్చింది. జనవరి మూడున ఒరిజినల్స్‌తో కాలేజీలో చేరాలి. ఫైలేదే అన్నాను. మీ అవ్వ జెప్తే పాస్టరయ్యకిచ్చినమక్కా, నీకు గట్లనే నౌకరి అచ్చిందట గదా అంది.
పాస్టర్‌కు ఒకటి రాత్రికే మళ్లీ మెండోర ప్రయాణం. వారం రోజులు, ఫైళ్ల సంచీ వెంటే.
ఇప్పుడే పోయి తెచ్చుకో అన్నాను. ప్రార్థనల వెట్టినంక నడుమ తీస్తరా, మా బాపు సంపుతడు అంది. వద్దే, నా మాట విను అన్నాను. నీకు ఫలించింది, నాకెందుకు వద్దంటున్నవక్కా అంది. వెళ్తూ ఒకసారి వెనక్కి చూసింది. నాకు పొగరన్నప్పుడు మా బాపు చూసినట్టే చూసింది.

డిసెంబర్ 31, పొద్దున ఏడు
అవ్వ నా చీర ఇస్త్రీ చేస్తోంది. ముందు వరుసలో కూర్చుంటుంది.
సాక్ష్యంలో ఆగస్టు సంగతి చెబుతాను.